హంబర్ నదికి పొలిమేర లేదు

వాన్ నగరం గుండా పారే హంబర్ నది చూపుకు చిన్నదే. అయినా 1954 అక్టోబరులో హేజెల్ తుఫాను రాత్రి, అప్పటికే తడిసిన నేల ఇక నీరు పీల్చలేక, అది పొంగి దిగువ టొరంటోలో రేమోర్ వీధి ఒక్కదానిలోనే 35 మందిని పొట్టన పెట్టుకున్నది. ఎగువన ఇళ్ళూ, తారురోడ్లూ పెరిగినా అంతే, వాన ఇంకదు. దిగువవారికి వరదై పోతుంది. నదికి ఊళ్ళ సరిహద్దులతో పని లేదు గదా! అందుచేత 1957లో నాలుగు పరీవాహక సంస్థలను కలిపి ఒకటి చేశారు. పల్లపు భూములు కొని, ఇళ్ళు కట్టనీయక, ఉద్యానాలుగా వదిలారు. 1994లో హంబర్ కార్యదళంలో నివాసులను కూడా కూర్చోబెట్టారు. 1997లో ప్రణాళిక వెలువడింది.

చెరకుతోటల్లో కాలువ ఎటు తవ్వాలో మన తాతలను అడిగిన దొర ఎవరు? ఇక్కడ అడిగారు.

వాన్‌లో ఇల్లు కొనే మనవారు ముందుగా ఆ సంస్థ వరద పటం చూడాలి. గీత లోపల ఉంటే కొత్త గది కట్టడానికైనా వారి అనుమతి కావలసిందే.