ఆదాయంపై పన్నా, వ్యయంపై పన్నా? : అమెరికా జాతీయ అమ్మకపు పన్ను ప్రతిపాదన - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కేంద్ర ఆదాయపు పన్నును రద్దుచేసి, దాని స్థానంలో దేశమంతటికీ ఒకే చిల్లర అమ్మకపు పన్నును విధించాలన్న ప్రతిపాదన 1999 నుంచి ఆ దేశ చట్టసభ ముందుకు వస్తూనే ఉంది. ఆ ప్రతిపాదన స్వరూపాన్ని వివరించి, పన్ను రేటు, భారం పంపిణీ, వసూలు విధానం అనే మూడు కోణాలలో దాని బలాబలాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. భారతదేశపు పన్నుల చరిత్రలో దీనికి సమీపంగా ఉన్న అనుభవాలను కూడా అవసరమైన మేరకు ప్రస్తావించడం జరిగింది.

1. ఉపోద్ఘాతం:

ప్రభుత్వ నిర్వహణకు అయ్యే ఖర్చులో పౌరుని వాటాను ఏ కొలమానంతో నిర్ణయించాలి? అతడు సంపాదించినదానిని బట్టియా, అనుభవించినదానిని బట్టియా? థామస్ హాబ్స్ 1651లో వెలువరించిన ‘లెవయతన్’లో రెండవ పక్షాన్నే సమర్థించాడు. శ్రమించి ఆర్జించి మితంగా ఖర్చుచేసేవానిపై, ఉన్నదంతా వినియోగించేవానికంటే ఎక్కువ భారం మోపడంలో న్యాయం లేదన్నది అతని తర్కం. చెల్లించగల శక్తిని బట్టి పన్ను ఉండాలని, ఆ శక్తికి ఆదాయమే సరైన ప్రమాణమని వాదించేవారిది మొదటి పక్షం.

అమెరికా చరిత్రలో ఈ రెండు పక్షాల మధ్య మొగ్గు ఒకసారి స్పష్టంగా మారింది. పందొమ్మిదవ శతాబ్దంలో ఆ దేశ కేంద్ర ప్రభుత్వం ప్రధానంగా దిగుమతి సుంకాల మీద, మద్యం, పొగాకు వంటి వస్తువుల మీది ఎక్సైజు పన్నుల మీద ఆధారపడింది. ఈ భారమంతా సామాన్య వినియోగదారులే మోస్తున్నారన్న అసంతృప్తి నుంచి 1894 నాటి ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. 1895లో పొల్లాక్ కేసులో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. 1913లో ఆమోదం పొందిన 16వ రాజ్యాంగ సవరణ ఆదాయపు పన్నుకు తిరిగి మార్గం వేసింది. కాబట్టి ఆదాయపు పన్నును తొలగించి అమ్మకపు పన్నును తేవాలన్న వాదం, ఒక రకంగా, 1913 నాటి నిర్ణయాన్ని పునర్విచారించాలన్న వాదమే.

2. ప్రతిపాదన స్వరూపం:

‘ఫెయిర్ టాక్స్’ పేరుతో ప్రసిద్ధమైన ఈ బిల్లును 1999లో జార్జియా రాష్ట్ర ప్రతినిధి జాన్ లిండర్ తొలిసారి ప్రవేశపెట్టాడు. హెచ్.ఆర్. 25 అనే సంఖ్యతో అది పలుమార్లు సభ ముందుకు వచ్చింది. 2023లో అదే రాష్ట్రానికి చెందిన బడ్డీ కార్టర్ దానిని మళ్లీ ప్రవేశపెట్టాడు. చట్టరూపం మాత్రం దాల్చలేదు.

ఈ బిల్లు ప్రకారం వ్యక్తుల ఆదాయపు పన్ను, కంపెనీల ఆదాయపు పన్ను, సామాజిక భద్రతకు జీతాల నుంచి వసూలు చేసే వేతనపు పన్నులు, వారసత్వ, దాన పన్నులు రద్దవుతాయి. కేంద్ర పన్నుల సంస్థ అయిన ఐఆర్‌ఎస్ కూడా రద్దవుతుంది. కొత్త వస్తువులు, సేవలు అంతిమ వినియోగదారునికి అమ్ముడయ్యే చోట ఒకేసారి పన్ను పడుతుంది. వైద్యుని రుసుము, ఇంటి అద్దె, కొత్త ఇంటి కొనుగోలు దాని పరిధిలోకి వస్తాయి. వాడిన వస్తువులకు, చదువుల ఫీజులకు, వ్యాపార అవసరాల కోసం జరిగే కొనుగోళ్లకు మినహాయింపు ఉంటుంది. పేదలపై భారం పడకుండా, దారిద్ర్యరేఖ స్థాయి ఖర్చుపై పడే పన్నుకు సమానమైన మొత్తాన్ని ప్రతి కుటుంబానికీ నెలనెలా ముందుగానే చెల్లిస్తారు. దీనినే ‘ప్రీబేట్’ అంటారు. చట్టబద్ధంగా నివసించే కుటుంబాలే దీనికి అర్హమైనవి.

3. రేటు 23 శాతమా, 30 శాతమా?

బిల్లులో పేర్కొన్న రేటు 23 శాతం. వినియోగదారుడు చెల్లించే ప్రతి 100 డాలర్లలో 23 డాలర్లు పన్ను, 77 డాలర్లు వస్తువు ధర అని దీని అర్థం. అయితే అమ్మకపు పన్నును సాధారణంగా వస్తువు ధరపై లెక్కిస్తారు. 77 డాలర్లపై 23 డాలర్లు అంటే సుమారు 30 శాతం. రెండు లెక్కలూ నిజమే. ఆదాయపు పన్నును పన్నుతో కలిసిన మొత్తం ఆదాయంపై లెక్కిస్తారు కనుక దానితో పోల్చేటప్పుడు 23 శాతం తగిన సంఖ్య. దుకాణం బిల్లుతో పోల్చేటప్పుడు 30 శాతం తగిన సంఖ్య.

అంతకంటే కీలకమైన ప్రశ్న, ఆ రేటు సరిపోతుందా అన్నది. 2005లో అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యూ. బుష్ నియమించిన పన్ను సంస్కరణల సలహా సంఘం ఈ విధానాన్ని పరిశీలించి తిరస్కరించింది. వేతనపు పన్నులను అలాగే ఉంచి, ఆదాయపు పన్నును మాత్రమే భర్తీ చేయాలన్నా, ప్రీబేట్‌తో కలిపి, ఎగవేత తక్కువగా ఉంటుందనుకుంటే వస్తువు ధరపై 34 శాతం, ఎగవేత ఎక్కువగా ఉంటే 49 శాతం పన్ను అవసరమని అంచనా వేసింది. తమ బిల్లులోని విస్తృతమైన పన్ను పరిధిని ఆ సంఘం యథాతథంగా లెక్కలోకి తీసుకోలేదని ఫెయిర్ టాక్స్ సమర్థకులు ఆక్షేపించారు. బోస్టన్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త లారెన్స్ కోట్లికాఫ్ ఈ విధానాన్ని సమర్థించగా, బ్రూకింగ్స్ సంస్థకు చెందిన విలియం గేల్ 23 శాతం చాలదని వాదించాడు.

ధరల విషయంలో సమర్థకులు తరచుగా రెండు వాగ్దానాలు చేస్తారు. ఒకటి, ఉద్యోగి చేతికి కోతలేని పూర్తి జీతం వస్తుంది. రెండు, ఉత్పత్తి ఖర్చులో దాగిన పాత పన్నులు తొలగిపోవడంతో వస్తువుల అసలు ధరలు తగ్గి, కొత్త పన్ను కలిపినా దాదాపు పాత ధరే ఉంటుంది. ఈ రెండూ పూర్తిగా ఒకేసారి జరగడం సాధ్యం కాదు. ఉద్యోగి జీతం నుంచి ఇప్పుడు కోతపడే మొత్తం అతని చేతికే వెళితే, యజమానికి ఆ మేరకు ఖర్చు తగ్గదు. ఖర్చు తగ్గనప్పుడు ధర తగ్గే అవకాశం పరిమితం.

4. భారం ఎవరిపై?

ఒక ఉదాహరణతో ఈ అంశాన్ని పరిశీలించవచ్చు. 2023లో ఒంటరి వ్యక్తికి అమెరికా ప్రభుత్వం నిర్ణయించిన దారిద్ర్య ప్రమాణం 14,580 డాలర్లు. దానిపై 23 శాతం చొప్పున ప్రీబేట్ ఏడాదికి సుమారు 3,353 డాలర్లు అవుతుంది. ఆ ప్రమాణం మేరకే ఖర్చుచేసే వ్యక్తిపై నికరంగా పన్ను ఉండదు. 60,000 డాలర్లు సంపాదించి అంతా ఖర్చుచేసే వ్యక్తి 13,800 డాలర్ల పన్ను కట్టి, ప్రీబేట్ పోగా నికరంగా 10,447 డాలర్లు చెల్లిస్తాడు. అది అతని ఆదాయంలో 17.4 శాతం. 6,00,000 డాలర్లు సంపాదించి 1,50,000 డాలర్లు ఖర్చుచేసే వ్యక్తి నికరంగా 31,147 డాలర్లు చెల్లిస్తాడు. అది అతని ఆదాయంలో 5.2 శాతం మాత్రమే.

అనగా ప్రీబేట్ అట్టడుగు వర్గానికి రక్షణ ఇస్తుంది. కానీ మధ్యతరగతికీ, అధికాదాయ వర్గానికీ మధ్య ఈ పన్ను తిరోగామిగా పనిచేస్తుంది. పొదుపుచేసిన సొమ్ము ఎప్పటికైనా ఖర్చు కావలసిందేననీ, జీవితకాలాన్ని ప్రమాణంగా తీసుకుంటే ఈ అంతరం తగ్గుతుందనీ సమర్థకుల సమాధానం. ఇందులో కొంత నిజం ఉంది. అయితే వారసత్వ పన్ను కూడా రద్దయితే, తరతరాలుగా ఖర్చు కాకుండా పేరుకునే సంపదకు ఈ సమాధానం వర్తించదు.

విశ్రాంత ఉద్యోగుల పరిస్థితి వేరు. ఉద్యోగకాలంలో ఆదాయపు పన్ను కట్టగా మిగిలినదానిని దాచుకున్నవారు, దానిని ఖర్చుచేసే వయసులో మళ్లీ అమ్మకపు పన్ను కట్టవలసి వస్తుంది. ఇందుకు భిన్నంగా, అమెరికాలో సంపాదించి స్వదేశానికి సొమ్ము పంపేవారికి వెసులుబాటు కలుగుతుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే తెలుగు ఉద్యోగి తల్లిదండ్రులకు పంపే సొమ్ము అమెరికాలో ఖర్చు కాదు కనుక దానిపై ఈ పన్ను పడదు.

5. వసూలు విధానం:

కోట్లాది వ్యక్తులు పత్రాలు దాఖలుచేసే పద్ధతి పోయి దుకాణాలు మాత్రమే లెక్క చెప్పే పద్ధతి రావడం, లెక్కల్లో చూపని ఆదాయం కూడా ఖర్చయ్యేటప్పుడు పన్నుకు చిక్కడం ఈ విధానానికి అనుకూలమైన అంశాలు. కానీ ఐఆర్‌ఎస్ అధ్యయనాలే మరొక సత్యాన్ని తెలుపుతున్నాయి. జీతం ఇచ్చేవారే పన్ను కోసి, వివరాలు ప్రభుత్వానికి అందజేసే వేతనాదాయంలో చూపకుండా దాచేది సుమారు 1 శాతం. అటువంటి సమాచారం అందని ఆదాయంలో అది సుమారు 55 శాతం. మూడవ వ్యక్తి సాక్ష్యం ఉన్నచోట పన్ను వసూలవుతుందనీ, లేనిచోట జారిపోతుందనీ దీని సారాంశం. చిల్లర అమ్మకంలో కొనుగోలుదారునికి బిల్లు అడగవలసిన అవసరం లేదు. రేటు పెరిగేకొద్దీ బిల్లు లేకుండా అమ్మే ఆకర్షణ పెరుగుతుంది. సొంత వాడకానికి కొన్నదానిని వ్యాపార ఖర్చుగా చూపే ధోరణి కూడా పెరుగుతుంది.

ఇప్పటికే 45 రాష్ట్రాలు తమ అమ్మకపు పన్ను విధిస్తున్నాయి. రాష్ట్ర ఆదాయపు పన్ను లేని టెక్సాస్‌లో స్థానిక పన్నుతో కలిపి అది 8.25 శాతం వరకు ఉంటుంది. దానికి 30 శాతం చేరితే, 100 డాలర్ల వస్తువుపై సుమారు 38 డాలర్ల పన్ను పడుతుంది. స్వీడన్ 1969లో, నార్వే 1970లో చిల్లర అమ్మకపు పన్నును వదిలి విలువ ఆధారిత పన్నుకు మారాయి. ఆ రెండు దేశాలూ ఆదాయపు పన్నును కొనసాగించడం గమనార్హం.

6. భారతదేశ అనుభవం:

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధం వల్ల తగ్గిన రాబడిని పూడ్చేందుకు రాజాజీ ప్రభుత్వం 1939లో సాధారణ అమ్మకపు పన్ను చట్టం తెచ్చింది. అప్పుడు ఆ రాష్ట్రంలో భాగమైన ఆంధ్ర జిల్లాలకూ అది వర్తించింది. తరువాత ఆంధ్రప్రదేశ్‌లో 2005 ఏప్రిల్ 1న వ్యాట్, 2017 జులై 1న దేశమంతటా జీఎస్టీ అమలులోకి వచ్చాయి. జీఎస్టీలో ప్రతి వ్యాపారీ తాను ముందుగా కట్టిన పన్నును మినహాయించుకోవడానికి బిల్లు అడగవలసి వస్తుంది. చివరి అమ్మకంలో ఎగవేత జరిగినా అంతకుముందు దశల పన్ను ఖజానాకు చేరే ఉంటుంది. ఫెయిర్ టాక్స్‌లో రాబడి మొత్తం చివరి అమ్మకంపైనే ఆధారపడుతుంది.

ఖర్చుపై పన్నును వ్యక్తులపై నేరుగా విధించే ప్రయోగం కూడా భారతదేశంలో జరిగింది. కేంబ్రిడ్జి ఆర్థికవేత్త నికొలస్ కాల్డర్ సిఫార్సుపై టి.టి. కృష్ణమాచారి తెచ్చిన వ్యయపు పన్ను 1958లో అమలైంది. 1962లో రద్దయి, 1964లో తిరిగి వచ్చి, 1966లో మళ్లీ రద్దయింది. అయితే కాల్డర్ ఉద్దేశం ఆదాయపు పన్నును తొలగించడం కాదు; సంపన్నుల విలాస వ్యయాన్ని అదనంగా పన్ను పరిధిలోకి తేవడం. వ్యయంపై పన్ను అన్న ఒకే సూత్రం, అమలు తీరును బట్టి సంపన్నులపై భారంగానూ, వారికి ఉపశమనంగానూ మారగలదని ఈ పోలిక సూచిస్తుంది.

7. ముగింపు:

పొదుపును శిక్షించని పన్ను కావాలన్న కోరిక, సంక్లిష్టమైన ఆదాయపు పన్ను చట్టాలపై విసుగు సహేతుకమైనవే. అయితే మొత్తం కేంద్ర రాబడిని ఒక్క చిల్లర అమ్మకంపై నిలపడం పరీక్షకు నిలిచిన మార్గం కాదు. రేటు తక్కువగా ఉంటే రాబడి చాలదు. ఎక్కువగా ఉంటే ఎగవేత పెరుగుతుంది. 16వ సవరణను ఏడేళ్లలో రద్దుచేయకపోతే తమ అమ్మకపు పన్నే రద్దవుతుందన్న నిబంధనను ఈ బిల్లు కర్తలే చేర్చారు. రెండు పన్నులూ కలిసి నెత్తిన పడతాయన్న భయం వారికీ ఉందని ఇది తెలుపుతుంది. వినియోగంపై పన్ను ఉండాలా వద్దా అన్నదానికంటే, అది ఆదాయపు పన్నుకు తోడుగా ఎంత మేరకు, ఎవరికి రక్షణ కల్పిస్తూ ఉండాలన్నదే పరిశోధకులు దృష్టిపెట్టవలసిన ప్రశ్న.