దారిలో కారు ఆగితే తప్పు ఫ్యూయల్ పంపుదేనా?

మే నెల మధ్యాహ్నం. ట్రాఫిక్‌లో మెల్లగా కదులుతున్న పన్నెండేళ్ల పాత పెట్రోల్ కారు ఉన్నట్టుండి ఆగిపోతుంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరుగుతుంది గానీ అందుకోదు. అరగంట నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. ‘ఫ్యూయల్ పంపు పోయింది’ అంటాడు మెకానిక్. వేల రూపాయలు పోసి కొత్తది వేయిస్తారు. పది రోజులకు మళ్లీ అదే కథ.

పాత కార్ల యజమానుల్లో చాలామందికి ఇది అనుభవమే. ఒకే లక్షణానికి నాలుగైదు కారణాలు ఉండటం, వాటిని వేరుచేసే పరీక్షలు చేయకుండానే పంపు మార్చేయడం దీనికి మూలం. నష్టం డబ్బుతోనే పోదు. హైవేపై వేగంగా వెళ్తుండగా ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బిగుసుకుంటుంది, బ్రేకు గట్టిపడుతుంది. వెనుక లారీ ఉంటే ప్రాణాల మీదికే వస్తుంది.

పంపు పని ఏమిటి?

మన దేశంలో 2000 ప్రాంతంలో ఉద్గార నిబంధనలు కఠినం కావడంతో కార్బ్యురేటర్ల స్థానంలో ఎంపీఎఫ్ఐ ఇంజిన్లు వచ్చాయి. వీటిలో పంపు అంటే పెట్రోల్ ట్యాంకులో మునిగి ఉండే చిన్న విద్యుత్ మోటారు. అది పెట్రోలును ఒత్తిడితో ఇంజెక్టర్లకు పంపుతుంది. ఈ తరం కార్లలో చాలావాటికి ఆ ఒత్తిడి 3 బార్ల దరిదాపుల్లో, అంటే 43 పీఎస్ఐ ఉండాలి. కచ్చితమైన అంకె ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది.

పంపు అరిగితే ముందు పికప్ తగ్గుతుంది. ఊళ్లో బాగానే నడిచే బండి ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు కుదుపులిస్తుంది. ఇంజిన్ ఎక్కువ పెట్రోల్ అడిగినప్పుడే కొరత బయటపడుతుంది. వెనుక సీటు కింద నుంచి సన్నని కూత వినిపించవచ్చు. మోటారు వేడెక్కినప్పుడు ఆగి, చల్లబడ్డాక పనిచేయడం చివరి దశ.

అయితే ఇవే లక్షణాలు వేరే దోషాలకూ ఉంటాయి. ఫిల్టర్ మూసుకుపోయినా పికప్ పోతుంది. వేడికి ఆగి చల్లారాక స్టార్టవడం క్రాంక్ సెన్సర్, ఇగ్నిషన్ కాయిల్ దోషాల్లోనూ మామూలే.

తేల్చేది ఎలా?

మొదటి పరీక్షకు పనిముట్లు అక్కర్లేదు. కారు ఆగిన చోటే తాళం చెవి ‘ఆన్’ దాకా తిప్పి, సెల్ఫ్ కొట్టకుండా చెవి ఒగ్గి వినాలి. చాలా కార్లలో వెనుక నుంచి రెండు మూడు సెకన్లపాటు ‘గుయ్’మనే శబ్దం వస్తుంది. అది వస్తే పంపు కనీసం తిరుగుతోందన్నమాట. అప్పుడు స్పార్క్ వస్తోందో లేదో చూడాలి. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ ఆర్‌పీఎం ముల్లు అసలు కదలకపోతే చాలా కార్లలో అది క్రాంక్ సెన్సర్‌ను అనుమానించాల్సిన గుర్తు.

శబ్దం రాకపోతే ఫ్యూజు చూడాలి. తర్వాత రిలే. ఫ్యూజుబాక్సులో అదే రకం రిలే ఇంకొకటి ఉంటే అటూ ఇటూ మార్చి చూడటం నిమిషం పని. అప్పటికీ రాకపోతే పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజీ కొలవాలి. పంపుకు కరెంటు ఇచ్చే సమయంలో అక్కడ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా ఉండాలి. బాగా తక్కువుంటే దోషం వైరుదో, తుప్పు పట్టిన ఎర్త్‌దో. అలాంటి కారుకు కొత్త పంపు వేసినా ఫలితం ఉండదు. పూర్తి వోల్టేజీ, మంచి ఎర్త్ ఉన్నా మోటారు తిరగకపోతే అప్పుడు తప్పు పంపుదే. ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితో మెల్లగా తడితే తిరగడం మొదలైందా, దాని ఆయుష్షు తీరినట్టే.

మోటారు తిరుగుతున్నా అనుమానం మిగిలితే ప్రెషర్ గేజ్ పెట్టించాలి. ఐడిలింగ్‌లో ఒత్తిడి సరిగా ఉండి, రోడ్డు మీద లోడు పడ్డప్పుడు పడిపోతే ముందు ఫిల్టర్, ఆ తర్వాత పంపు. ఇంజిన్ ఆపగానే ఒత్తిడి సున్నాకు జారితే పంపులోని చెక్ వాల్వు గానీ, రెగ్యులేటర్ గానీ, కారుతున్న ఇంజెక్టర్ గానీ కారణం కావచ్చు. పొద్దున్నే ఎక్కువసేపు సెల్ఫ్ కొట్టాల్సి రావడానికి ఇదొక సాధారణ కారణం.

పెట్రోల్ లైను విప్పేముందు పంపు ఫ్యూజు తీసి, ఇంజిన్ దానంతట అది ఆగేవరకు నడిపి ఒత్తిడి దించాలి. బ్యాటరీ విప్పాలి. పక్కన నిప్పు, సిగరెట్ ఉండకూడదు.

కార్బ్యురేటర్ కార్లలో

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, పాత మారుతి 800లలో పంపు ఇంజిన్ పక్కనే ఉంటుంది. క్యామ్‌షాఫ్ట్ కదలికతో ఒక రబ్బరు డయాఫ్రమ్ పైకీ కిందికీ ఆడుతుంది. అది చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లోకి దిగవచ్చు. డిప్‌స్టిక్‌కు పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినా బండి నడపకూడదు. ఎండకు పెట్రోల్ ఆవిరై దారి మూసుకుంటే మాత్రం పంపు బాగున్నట్టే. పాత డ్రైవర్లు దాని మీద తడిగుడ్డ వేసేది అందుకే.

పంపు ఆయుష్షు

ట్యాంకులోని పంపును చల్లబరిచేది పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్‌లో నడిపితే మోటారు వేడెక్కి త్వరగా అరుగుతుంది. కనీసం పావు ట్యాంకు ఉంచడం మేలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఇప్పుడు దేశమంతటా బంకుల్లో ఉంది. 2023 ఏప్రిల్ నుంచి వస్తున్న కార్లలో దాన్ని తట్టుకునే భాగాలు వాడుతున్నారు. అంతకుముందు కార్లలో, ముఖ్యంగా బాగా పాతవాటిలో, రబ్బరు ట్యూబులు, సీళ్లు పగుళ్లిస్తున్నాయేమో సర్వీసింగ్ చేయించిన ప్రతిసారీ చూపించుకోవాలి. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి బండిని నెలల తరబడి కదపకుండా ఉంచడమూ మంచిది కాదు.

‘పంపు మార్చాలి’ అని చెప్పినప్పుడు యజమాని అడగాల్సిన ప్రశ్నలు రెండే: కనెక్టర్ దగ్గర వోల్టేజీ ఎంత వచ్చింది? గేజ్‌లో ఒత్తిడి ఎంత చూపింది? ఈ రెండు అంకెలూ చెప్పలేని చోట ట్యాంకు విప్పించకపోవడమే మంచిది.