గడ్డి ముట్టని గినీ పిగ్‌కు ఏం పెట్టాలి?

పెంపుడు గినీ పిగ్ గడ్డి ముట్టదు, గింజలు మాత్రం ఏరుకుని తింటుంది అంటే మన ఇళ్లలో సిద్ధంగా ఉండే జవాబు ఒకటే: “ఆకలైతే అదే తింటుందిలే.” మేకకో గొర్రెకో ఈ మాట కొంతవరకు చెల్లుతుందేమో గానీ, గినీ పిగ్‌కు మాత్రం ఇది ప్రాణం మీదికి తెచ్చే సలహా. ఏది తిండి, ఏది కాదు అన్నది ఈ జంతువు చిన్న వయసులోనే తేల్చుకుంటుంది. ఆ తర్వాత మేత మారినా, దాని రూపం మారినా, చివరికి నీళ్ల సీసా మారినా మానేసి కూర్చోగలదు. దాని పేగు మాత్రం ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. ఒక్కరోజు పూర్తిగా తినకపోయినా ఆ కదలిక మందగించి, గ్యాసు పట్టి, పరిస్థితి చేయి దాటవచ్చు. మనం పెంకితనం అంటున్నది అలవాటు. దాన్ని ఆకలితో మార్చలేం, మరో అలవాటుతోనే మార్చాలి.

ఏ అలవాటు చేయాలో దాని నోరే చెబుతుంది. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల్లో మచ్చికైన గడ్డిమేత జంతువు ఇది. ముందు పళ్లే కాదు, దవడ పళ్లు కూడా బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. పీచున్న గడ్డిని అదేపనిగా నూరితేనే అవి అరుగుతాయి. గింజలకు అంత నూరుడు అక్కర్లేదు. అరగని కింది దవడ పళ్లు లోపలికి వంగి నాలుక మీద వంతెనలా కమ్ముకుంటాయి. అప్పుడది మేత దగ్గరికి ఆశగా వస్తుంది, వాసన చూస్తుంది, నోట పెట్టుకుని వదిలేస్తుంది. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసి ఉంటుంది. చూసేవారికి ఇదీ పేచీలాగే కనిపిస్తుంది, కానీ అది నొప్పి.

గింజలు బలమే కదా అనేవారికి 1907లోనే జవాబు దొరికింది. నార్వేలో ఆక్సెల్ హోల్స్ట్, థియోడర్ ఫ్రోలిక్ అనే ఇద్దరు బెరిబెరి గుట్టు తెలుసుకుందామని గినీ పిగ్‌లకు ధాన్యం, రొట్టె మాత్రమే పెట్టి చూశారు. వాటికి బెరిబెరి రాలేదు, విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ వచ్చింది. క్యాబేజీ, నిమ్మరసం వంటివి చేర్చితే అది ఆగింది. విటమిన్ సి తయారీలో చివరి మెట్టుకు కావలసిన ఎంజైమ్ మనకు లేనట్టే గినీ పిగ్‌కూ లేదు. రోజూ కిలో బరువుకు 10 నుంచి 30 మిల్లీగ్రాములు బయటి నుంచే అందాలి. విటమిన్ కలిపిన పెల్లెట్లు చాలవా అంటే, వేడికీ కాలానికీ మొదట పోయేది ఈ విటమినే. తయారైన మూడు నెలల్లోపు వాడాలన్నది మామూలు సూచన. ఎండ 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప వేసవిలో అంత భరోసా కూడా ఉండదు. నీళ్లలో చుక్కలు వేయడం ఇంకా బలహీనమైన మార్గం. చుక్కల బలం త్వరగా తగ్గిపోతుంది, రుచి మారితే నీళ్లే మానేస్తుంది. 100 గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది కాబట్టి పది గ్రాముల ముక్క ఒక రోజుకు సరిపోతుంది. చక్కెర ఉంటుంది కనుక అది రోజూ వద్దు. మిగతా రోజుల్లో క్యాప్సికం, కొత్తిమీర పెట్టవచ్చు. మునగాకులో విటమిన్‌తో పాటు కాల్షియం కూడా ఎక్కువే. మితిమీరితే మూత్రాశయంలో రాళ్లకు దారి తీయవచ్చు, అందుకే అప్పుడప్పుడు నాలుగు రెమ్మలు చాలు.

కరువు రాయలసీమలో గడ్డి ఎక్కడ తెచ్చేదన్న ప్రశ్న న్యాయమైనదే. కానీ ఈ జంతువుకు ప్రధాన ఆహారం ఎండుగడ్డి. గరిక నీడలో ఆరబెట్టుకుంటే నెలల తరబడి నిలుస్తుంది. కర్నూలు-కడప (కేసీ) కాలువ గట్ల మీదా, చేల గట్ల మీదా అది దొరుకుతుంది. కలుపుమందు కొట్టిన చోట కోయకూడదు, మధ్యలో మొలిచిన వయ్యారిభామను ఏరిపారేయాలి. బాగా ఎండిన జొన్న చొప్పలో లావు కాడలు తీసేసి ఆకులు పెట్టవచ్చు. లేత జొన్న, నీళ్లు లేక గిడసబారిన జొన్న మాత్రం వద్దు. వాటిలో పుట్టే సైనైడ్ విషాన్నే మన రైతులు నాము అంటారు, దానికి పశువులే పడిపోతాయి. శెనక్కాయ కట్టె కాయజాతి మేత, కాల్షియం ఎక్కువ. ఎదిగే పిల్లకూ, చూలుతో ఉన్నదానికీ కొంచెం ఇవ్వవచ్చు గానీ పెద్దదానికి రోజువారీ మేత కాదు. ఇక శెనక్కాయ పప్పు, దాని పిండి చెక్క పూర్తిగా మానాల్సినవి. కొవ్వు ఒక్కటే కాదు కారణం. కాయ ఊరే దశలో వాన ముఖం చాటేస్తే నేలలోనే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ చేరుతుంది, మన సీమలో అలాంటి ఏళ్లు తక్కువేమీ కాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లను చంపిన శెనక్కాయ చెక్కలో ఉన్నది ఈ విషమే. గినీ పిగ్ కాలేయం కూడా దీనికి సులభంగా దెబ్బతింటుంది.

మార్పు మెల్లగా జరగాలి. గింజలు ఒక్కసారిగా ఎత్తేయకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ, అదే వేళకు, అదే గిన్నె పక్కన గడ్డి పెట్టాలి. కొత్తిమీర నలిపి గడ్డి మీద చల్లితే వాసనకు దగ్గరవుతుంది. వేసవిలో మధ్యాహ్నం మేత తగ్గడం మామూలే కాబట్టి తెల్లవారుజామున, రాత్రి చల్లబడ్డాక గడ్డి నిండుగా ఉంచండి. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచి రాసుకోండి. బరువు పడిపోతూ ఉంటే అలవాటు మార్చే ప్రయత్నం ఆపండి. పూటకు పూట మేత ముట్టకపోయినా, పెంటికలు తగ్గినా తెల్లారేదాకా చూద్దామనుకోకండి. వెంటనే పశువైద్యుడికి చూపించండి, పళ్లు కూడా పరీక్షించమని అడగండి.