పాలివ్వదు, అరక దున్నదు

రాజధానికి భూములిచ్చిన ఊళ్లలో కోడి కూయకముందే లేచే అలవాటు ఇంకా పోలేదు. లేచాక చేసే పనే పోయింది. 2015లో 29 గ్రామాల రైతులు భూసమీకరణలో దాదాపు 34 వేల ఎకరాలిచ్చారు. ఎకరా మెట్టకు ఏటా 30 వేలు, జరీబుకు 50 వేలు కౌలు, దాని మీద ఏటా పది శాతం పెంపు, పదేళ్లపాటు అన్నారు. కౌలు బ్యాంకులో పడేది. దానికోసం ఎవరూ నాలుగింటికి లేవక్కర్లేకపోయింది. పత్తి చేలు పోయాయి, మిర్చి కల్లాలు పోయాయి. చొప్ప లేని ఇంట్లో గొడ్లెట్టా ఉంటాయి? తుళ్లూరు మండలంలోని మా అన్నయ్య ఇంట్లో ముందు ఎడ్లు పోయాయి, తర్వాత గేదెలు. గొడ్లచావిడిలో ఇప్పుడు కారు పెడుతున్నారు.

ఆ చావిడిలోకి బ్రూనో వచ్చింది. అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ కరోనా లాక్‌డౌన్ రోజుల్లో కొనుక్కున్న లాబ్రడార్ అది. డాలస్ వెళ్తూ, "రెండు నెలలు చూడు నాన్నా, ఈలోపు ఏదో ఏర్పాటు చేస్తా" అన్నాడు. ఇలాంటి రెండు నెలల కుక్కలు గుంటూరులో, విజయవాడలో, ఒంగోలులో చాలా ఇళ్లలో ఉన్నాయి. పిల్లలకు వీసాలొచ్చాక అమ్మానాన్నల దగ్గర మిగిలిపోయినవి.

వదిన మొదటిరోజే అడిగింది: "ఇది పాలిచ్చిద్దా, అరక దున్నిద్దా? దీన్నెందుకు మేపాలి?"

ఆ ప్రశ్నలో కఠినత్వం ఏమీ లేదు. రైతు ఇంట్లో ప్రతి జీవానికీ ఒక లెక్క ఉంటుంది. ఒంగోలు గిత్త దున్నుతుంది, గేదె పాలిస్తుంది, కోడి గుడ్డు పెడుతుంది. ఊరకుక్కకూ పనుంది: రాత్రిపూట కల్లం దగ్గర పడుకుని అలికిడైతే మొరగాలి, మిగిలింది తినాలి. బ్రూనో కాపలా కూడా కాయదు. దొంగ వచ్చినా తోక ఊపి బంతి తెచ్చిచ్చే రకం. ఏ పనీ చేయని జీవం ఇంటి నడుమ, ఫ్యాను కింద పడుకుని ఉండటం అన్నయ్యా వదినలకు అరవై దాటాక ఎదురైన కొత్త సంగతి. అది వాళ్లకు నేర్పినదంతా అక్కణ్నించే మొదలైంది.

ముందు తిండి. గుంటూరు వంటలో ఉల్లి, వెల్లుల్లి, కారం పడనిదేముంది? ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష మూత్రపిండాలకు చేటు. ఉడికించిన కోడి ఎముక చీలికలై పేగులకు గుచ్చుకుంటుంది. రాత్రి మిగిలిన సాంబారన్నం పెట్టేద్దామనుకున్న వదిన దానికోసం వేరే గిన్నె పెట్టాల్సి వచ్చింది. "మీ అన్నయ్యకు బీపీ అన్నప్పుడు కూడా చప్పిడి కూర వేరే వండలేదు నేను" అని నాతో వాపోయింది. వండటం మాత్రం మానలేదు.

తర్వాత ఎండ. లాబ్రడార్ పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో, చల్లటి నీళ్లలో జాలర్లకు సాయపడిన కుక్కలు. వాటి ఒంటి మీద బొచ్చు రెండు పొరలు. మే నెలలో రెంటచింతల ఎండల గురించి రోజూ పేపర్లో చదివే నేలకు దాన్ని తెచ్చిపెట్టాం. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాపి రొప్పడమే దాని ఉపాయం. అందుకని వెలుగు రాకముందే తిప్పుకు రావాలి. అరచేతి వెనకవైపు రోడ్డుకు ఆనించి చూడాలి. మన చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు. (కొల్లేరు వైపు బాతులు కాయడానికి వాడిన జోనంగి మన నేల జాతే. పొట్టి బొచ్చు, ఈ ఎండలకు పుట్టిన ఒళ్లు. దాన్ని ఎవరూ కొనరు.)

అలా అన్నయ్యకు మళ్లీ నాలుగింటి పని దొరికింది. రాజధాని కోసం వేసిన సీడ్ యాక్సెస్ రోడ్డు మీద ఇద్దరూ నడుస్తారు. ఒకప్పుడు మన చేను ఉన్నచోట ఇప్పుడు ప్లాట్లు, నంబర్లు వేసిన రాళ్లు. బ్రూనో ప్రతి రాయి దగ్గరా ఆగి కాలెత్తుతుంది. "మన హద్దులు నాకంటే దీనికే బాగా తెలుసురా" అంటాడు అన్నయ్య. ఆ మాట నవ్వుతూనే అంటాడు గానీ, పూర్తిగా నవ్వు కాదు.

ఒకసారి బ్రూనో తిండి మానేసింది. ఫోన్లో కొడుకు ఏవో యాప్‌లు చూడమంటున్నాడు. అన్నయ్య దాని పెదవి ఎత్తి చిగుళ్లు చూశాడు, పాలిపోయి ఉన్నాయి. చెవి మడతల్లో, వేళ్ల సందుల్లో వేళ్లు పెట్టి వెతికితే గోమార్లు దొరికాయి. పశువుల డాక్టరు రక్తపరీక్ష చేయించి గోమార్ల వల్ల వచ్చిన జ్వరమేనన్నాడు. "గిత్త నోరు తెరిచి చెప్పదు, మనమే చూసుకోవాలి" అని మా నాన్న దగ్గర నేర్చుకున్నది, ఎడ్లతో పాటే పోయిందనుకున్న విద్య, డాలస్ కుర్రాడి కుక్క మీద అక్కరకొచ్చింది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో బాగా నచ్చిన ఘట్టం ఇదే.

వాళ్లు తిరుపతి వెళ్తే బ్రూనో గుంటూరులో మా ఇంటికొస్తుంది. సొంత కుక్కకు జబ్బు చేస్తే దిగులు. అన్న కొడుకు కుక్కకు జబ్బు చేస్తే దిగులుతో పాటు, బాబాయ్ జవాబు చెప్పాలన్న భయం. పెత్తనం లేదు, పూచీ మాత్రం అంతా మనదే. ఈ పూచీలో మొదటిది రేబిస్ టీకా. మూడు నెలల వయసులో మొదలుపెట్టి ఏటా వేయించాలి. పాశ్చర్ 1885 జూలై 6న ఒక పిల్లవాడికి తొలి టీకా వేసిన గుర్తుగా ఆ తేదీన పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తుంటారు. మన మిర్చి సీమలో కుక్క కరిస్తే గాయానికి కారం అద్దే అలవాటుంది. అది మానాలి. సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి పరుగెత్తాలి.

పెంచలేక వదిలేసేవాళ్లూ ఉన్నారు. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం అలా వదిలేయడాన్ని నేరమే అంటుంది. మొదటి తప్పుకు జరిమానా పది నుంచి యాభై రూపాయలు. భారతం ఇంకాస్త గట్టిగా చూసింది ఈ విషయాన్ని. నన్నయ ఆదిపర్వం మొదట్లోనే దేవశునకం సరమ, తన పిల్లను జనమేజయుడి తమ్ముళ్లు కొట్టారని రాజును నిలదీస్తుంది. చివర మహాప్రస్థానంలో, కుక్కను వదిలి రథమెక్కమంటే ధర్మరాజు ఎక్కనన్నాడు. ఆ కథను తెనిగించిన తిక్కన తాత మంత్రి భాస్కరుడు మన గుంటూరు ఏలినవాడే. ధర్మరాజు వెంట నడిచిన ఆ కుక్క కూడా ఆయన పెంచింది కాదు, తనే వెంటపడింది.

ఈమధ్య కొడుకు బ్రూనోను తీసుకెళ్తానంటున్నాడు. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి నిబంధనలు బిగించింది. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో మనం ఉన్నాం. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే టీకా, ధ్రువపత్రం, రక్తపరీక్ష. అదీ కొన్ని విమానాశ్రయాల్లోనే దించాలి. కొడుకు జాబితా వాట్సాప్‌లో పంపాడు. అన్నయ్య ప్రింటు తీయించి శ్రద్ధగా చదివాడు. చిప్ వేయించడానికి కృష్ణ దాటి గన్నవరం పశువైద్య కళాశాలకు పోదామన్నాడు, ఎండలు తగ్గాక. ఎండలు తగ్గాయి. వానల్లో బురద అన్నాడు. ఇప్పుడు సంక్రాంతి పోనీ అంటున్నాడు.

మొన్న స్పీకర్‌లో కొడుకు కాస్త గట్టిగానే అడిగాడు: "నాన్నా, అది నా కుక్క కదా?"

"నీదేరా, ఎవరు కాదన్నారు?" అన్నాడు అన్నయ్య. వెనక నుంచి వదిన అందుకుంది: "వాడికి అక్కడ చప్పిడి కోడికూర ఎవరు వండుతారో ముందు అది కనుక్కో."