మిత్రుని చేతిపనికి మూల్యమెంత?



ఒకనాటి ప్రవచనానంతరము తీర్థప్రసాదములు స్వీకరించి అందరును వెడలిపోవుచుండగా, ఒక రైతుభక్తుడు వెనుక నిలిచి తన మనస్సులోని కలతను ఇట్లు విన్నవించుకొన్నాడు.

"గురువుగారూ! వరి పొట్టదశలో ఉండగా మా బావి మోటారు కాలిపోయింది. నా చిన్ననాటి స్నేహితుడు మోటారు మెకానిక్కు. కబురు పంపగానే చేతిలో ఉన్న పని ఆపుకొని వచ్చాడు. రెండు పగళ్లు, ఒక రాత్రి కూర్చుని వైండింగు మొత్తం కొత్తగా చుట్టాడు. పైరు బతికింది. ఎంత ఇవ్వమంటావంటే, 'నీ దగ్గర నాకు లెక్కలేమిటిరా, నీకు తోచింది ఇయ్యి' అన్నాడు. సామాను ఖర్చులు ఇచ్చి, పైన 500 రూపాయలు చేతిలో పెట్టాను. నవ్వి జేబులో వేసుకున్నాడు. నాకు మాత్రం ఆనాటి నుంచి మనసు కుదుటపడలేదు. నేను చేసింది న్యాయమేనా?"

ఈ ప్రశ్న చిన్నదిగా కనిపించును. కాని గృహస్థధర్మమునకు ఇందులో గట్టి పరీక్ష కలదు. అపరిచితునికి కూలి ఎగవేయుటకు మనము భయపడుదుము. మిత్రునికి తగ్గించి ఇచ్చుటకు మాత్రము స్నేహమునే సాకుగా చూపుదుము.

మొదట తెలిసికొనవలసినది ఒకటి. మనము పనివానికి ఇచ్చునది దానము కాదు, అది ఋణము. భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణపరమాత్మ సాత్త్వికదానమును నిర్వచించుచు, తిరిగి మేలు చేయజాలని వానికి, దేశకాలపాత్రములు ఎరిగి ఇచ్చునదే సాత్త్వికదానమని సెలవిచ్చినాడు. మరి మనకు ముందే మేలు చేసినవానికి ఇచ్చునది దానమెట్లగును? దానమున ఇచ్చువాని ఇష్టము ప్రధానము. ఋణమున ఇష్టమునకు చోటు లేదు. "నీకు తోచినది ఇమ్ము" అని మిత్రుడు పలికినది అతని మర్యాద. ఆ మర్యాదను తగ్గింపు ధరగా భావించుట మన లోభము.

మనుస్మృతి ఎనిమిదవ అధ్యాయమున పేర్కొనిన పదునెనిమిది వివాదస్థానములలో వేతనము ఈయకుండుట ఒకటి. కూలి ముందుగా నిర్ణయింపక పని చేయించుకొన్న యజమాని వర్తకమున, పశువులందు, సస్యమున వచ్చిన లాభములో పదియవ వంతు ఈయవలెనని, రాజు అట్లు ఇప్పింపవలెనని యాజ్ఞవల్క్యస్మృతి విధించినది. మాట అనుకొనలేదు కనుక బాధ్యత లేదను వాదమునకు శాస్త్రము తావీయలేదని దీనివలన తేటపడుచున్నది.

కౌటిల్యుని అర్థశాస్త్రము మన రైతుభక్తుని సందేహమునకు మరింత సమీపముగా సమాధానము చెప్పుచున్నది. కారువులు, శిల్పులు, వైద్యులు మొదలగువారు ప్రతిఫలము లభించునను ఆశతో, బేరమాడక పని చేయువారు. అట్టివారికి అదేవిధమైన పని చేయు ఇతరులకు లభించునంత ఈయవలెను, లేదా ఆ పనియందు నేర్పరులైనవారు ఎంత నిర్ణయింతురో అంత ఈయవలెను అని మూడవ అధికరణమున కలదు. గమనింపుడు, పని చేయించుకొన్నవానికి తోచినంత అని అక్కడ లేదు! కొలత మన మనస్సులో లేదు, లోకమున ఉన్నది.

ఈ కొలతను మోటారు పనికి అన్వయింతము. సామాను ఖర్చు వేరు, పని మూల్యము వేరు. రాగితీగకు, వార్నిషుకు, బేరింగులకు ఇచ్చిన సొమ్ము దుకాణదారునికి చేరును. అందులో మిత్రునికి మిగిలినది ఏమియు లేదు. అతని పని ఎట్టిదో చూడుడు. కాలిన తీగచుట్టలను విప్పి, ఒక్కొక్క గాడిలో ఎన్ని చుట్లు ఉన్నవో లెక్కింపవలెను, తీగ మందము కొలువవలెను. గాళ్లలో కాగితము పరచి, అదే లెక్కకు మరల చుట్టి, కొసలను సరిగా కలిపి, వార్నిషు పట్టించి ఆరబెట్టవలెను. లెక్క తప్పినచో ఆ తప్పు వెంటనే కంటికి కనబడకపోవచ్చును. మోటారు వేడెక్కి, కొన్ని దినములకు మరల కాలిపోవును. కావున మనము మూల్యమీయవలసినది రెండు దినముల శ్రమకు మాత్రమే కాదు. ఆ చేయి తప్పకుండునట్లు అతడు ఏండ్ల తరబడి నేర్చిన విద్యకును ఈయవలెను. రాత్రి మేలుకొన్నందుకు, మన కొరకు విడిచిన పనిమీది ఆదాయమునకు కూడ లెక్క కట్టవలెను.

ఇంత ఆలోచింపలేనివారికి సులభమార్గము కలదు. అదే పనికి బజారులో ఎంత అడుగుదురో ఇద్దరిని విచారింపుడు. ఆ మొత్తమునకు తగ్గకుండ, అతడు నోరు విప్పి అడుగకముందే, గౌరవముతో చేతికి అందింపుడు. అంత ఈయలేని స్థితిలో ఉన్నచో పని మొదలుపెట్టకముందే చెప్పి, వాయిదాలు అడుగుట ధర్మము. పని ముగిసిన పిదప పేదరికము చెప్పుకొనుట ధర్మము కాదు.

మహాభారతము సభాపర్వమున నారదమహర్షి ధర్మరాజును ప్రశ్నించుచు, శిల్పులకు కావలసిన సామగ్రిని సరిగా ఇచ్చుచున్నావా, చేసిన పనిని గుర్తించి సత్పురుషుల నడుమ ఆ పనివానిని ప్రశంసించుచున్నావా అని అడిగినాడు. ఈయవలసినది ఈయవలెను, మెచ్చవలసినది మెచ్చవలెను. ఒకదానికి బదులుగా మరొకటి చెల్లదు. నలుగురిలో పొగడి చేతిలో తక్కువ పెట్టుట, పూర్తిగా ఇచ్చి మొగము చిట్లించుట, రెండును లోపములే.

"మిత్రుడు నిజముగనే వలదన్నచో?" అని కొందరు అడుగవచ్చును. తులసీదాసు రామచరితమానసమున గంగ దాటించిన పడవవాని ఘట్టము కలదు. గట్టు చేరిన పిమ్మట, ఇతనికి ఏమియు ఈయలేదే యని శ్రీరామచంద్రుడు సంకోచించినాడు. ఆ మనస్సు ఎరిగి సీతమ్మ తన ఉంగరము తీసినది. పడవవాడు స్వీకరింపలేదు. తిరిగి వచ్చునపుడు ఇచ్చినది ప్రసాదముగా తీసికొందునన్నాడు. నిరాకరించుట అతని ఔదార్యము. కాని అతడు నిరాకరించుటకు ముందే రాముడు సిగ్గుపడినాడు, సీతమ్మ ఉంగరము తీసినది. ఆ వరుసయే మనకు పాఠము. సంపూర్ణ మూల్యమును ఎదుట ఉంచిన పిదపనే అతడు వలదనుటకు అర్థము కలుగును. అప్పుడు బలవంతపెట్టక, ఆ ఋణమును మనస్సున నిలుపుకొని, అతనికి అవసరము వచ్చిన నాడు తీర్చుకొనవలెను.

ఆ రైతుభక్తుడు ఈ మాటలు విని వెడలినాడు. బజారులో విచారింపగా అట్టి పనికి కూలి ఒకరు 2,000, మరొకరు 2,400 రూపాయలు చెప్పిరట. మిగిలిన సొమ్ము తీసికొని మిత్రుని ఇంటికి పోయి, "మోటారు కాస్త చప్పుడు చేస్తున్నా నిన్ను మళ్లీ పిలవటానికి నాకు మొహం చెల్లలేదురా" అన్నాడట. మిత్రుడు కొంతసేపు మౌనముగా ఉండి, ఆ సొమ్ము తీసికొని, పనిముట్ల సంచి భుజమున వేసికొని అప్పుడే బయలుదేరినాడట.

తక్కువ ఇచ్చుటవలన మిత్రుని ఆదాయము మాత్రమే తగ్గినదని మనము తలంతుము. అతని గుమ్మము తొక్కుటకు మనకున్న చొరవయు తగ్గును. విజయదశమి నాడు పనిముట్లకు పసుపుకుంకుమలు పెట్టి పూజించు సంప్రదాయము మనది. ఆ పనిముట్టును పట్టిన చేతికి న్యాయమైన మూల్యము ముట్టజెప్పిన నాడే ఆ పూజ పరిపూర్ణమగును.

సర్వే జనాః సుఖినో భవంతు.