శంషాబాద్–దుబాయ్: గగనదూరం, ప్రయాణకాలం

తెలుగు నుడికారంలో దూరం, కాలం చాలాచోట్ల కలిసే ఉంటాయి. ‘కూతవేటు’ దూరానికి గొంతు కొలమానమైతే, ‘పూట ప్రయాణం’ అన్నప్పుడు కాలు, పొద్దు కలిసి కొలమానమవుతాయి. క్రోసు, ఆమడ లెక్కలు వాడుక తప్పినా ‘ఆమడ దూరం’ పలుకుబడిగా నిలిచింది. విమానయానంలో దూరం చెప్పినంత మాత్రాన కాలం తెలియదు. ఉత్తర తెలంగాణ వలస జీవితంతో పెనవేసుకున్న హైదరాబాద్–దుబాయ్ మార్గం ఇందుకు తగిన ఉదాహరణ. గల్ఫ్ వలస కథనాలపై పరిశోధించేవారికి ఈ భేదం అవసరం.

శంషాబాద్ నుంచి దుబాయ్ విమానాశ్రయానికి గగనదూరం సుమారు 2,550 కి.మీ. ఇది మహావృత్త దూరం, అంటే భూగోళ ఉపరితలంపై రెండు బిందువుల మధ్య అతి తక్కువ దూరం. నిర్దేశిత వాయుమార్గాలు, వాతావరణం, దిగే ముందు వంతు కోసం వేచి ఉండటం వంటి కారణాల వల్ల విమానం నిజంగా ఎగిరే దూరం ఇంతకంటే కొంత ఎక్కువే.

గంటకు 850 కి.మీ. వేగంతో భాగిస్తే 3 గంటలు వస్తుంది. విమాన వేళల పట్టికలో మాత్రం దాదాపు 4 గంటలు కనిపిస్తుంది. పట్టిక లెక్కించేది గాలిలో గడిచే కాలాన్ని మాత్రమే కాదు. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు గమ్యంలో ఆగేవరకు పట్టే మొత్తం కాలాన్ని. దీనిని ‘బ్లాక్ టైమ్’ అంటారు. ‘ప్రయాణకాలం’ అన్న మాట ఈ అర్థానికి చాలదు. ‘నిలుపు నుంచి నిలుపు దాకా’ అనటం మేలు.

తిరుగు ప్రయాణానికి సుమారు మూడున్నర గంటలు చాలు. పడమటి నుంచి వీచే ఎగువ గాలులు, ముఖ్యంగా శీతాకాలంలో, అందుకు తోడ్పడతాయి. గడియారం చూస్తే మాత్రం ఇది తలకిందులవుతుంది. దుబాయ్ సమయం భారత సమయం కంటే గంటన్నర వెనుక. ఉదయం 10 గంటలకు శంషాబాద్‌లో బయలుదేరితే అక్కడ దిగేది 12.30కి, టికెట్టుపై రెండున్నర గంటలే కనబడుతుంది. అక్కడ 10 గంటలకు బయలుదేరితే ఇక్కడ దిగేసరికి మధ్యాహ్నం 3 గంటలు. తేడా నిజానికి అరగంట, అదీ వ్యతిరేక దిశలో.

ఇవన్నీ విమానాశ్రయాల మధ్య లెక్కలు. జగిత్యాల ప్రాంతపు కార్మికుడు విమానం ఎక్కటానికి ముందు 200 కి.మీ. పైబడిన రోడ్డు దాటాలి. అంతర్జాతీయ ప్రయాణం కనుక మూడు గంటల ముందే చేరుకోవాలి. అతనికి ఆకాశంలో కంటే నేలమీదే ఎక్కువ కాలం గడుస్తుంది. 2008 మార్చిలో వాణిజ్య విమానాలు బేగంపేట నుంచి శంషాబాద్‌కు మారినప్పుడు దుబాయ్ గగనదూరం పది కిలోమీటర్లు కూడా పెరగలేదు. ఉత్తరం నుంచి వచ్చేవారికి మాత్రం నగరాన్ని దాటి దక్షిణానికి పోవలసిన భారం కొత్తగా చేరింది. వలస కథనంలో ‘దుబాయ్ నాలుగు గంటలే’ అన్న వాక్యం ఎదురైతే, అది ఏ గుమ్మం నుంచి మొదలైన లెక్కో, 2008కి ముందుదో తరువాతదో చూడవలసి ఉంటుంది.