పనయ్యాక ఒకేసారి ఎత్తిద్దాంలే!

ఇంట్లో మరమ్మతులు మొదలుపెట్టిన ప్రతివాళ్లూ అనే మాట ఒకటుంది: ‘పని జరుగుతున్నన్నాళ్లూ చెత్త తప్పదు, అంతా అయ్యాక ఒకేసారి ఎత్తిద్దాం’. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, మరమ్మతుల్లో జరిగే చాలా నష్టాలకు మూలం ఈ అపోహే. ముందు బరువు సంగతి చూద్దాం. బాత్రూమ్ గోడల నుంచి రాల్చిన టైల్స్, ఇటుక పెళ్లలు హాల్లో ఓ మూలకు నెట్టేస్తే సరిపోయిందనుకుంటాం. నివాస గదుల స్లాబు మీద చదరపు మీటరుకు సుమారు 200 కిలోల బరువు పడుతుందన్న లెక్కతో డిజైన్ చేయాలని ఐఎస్ 875 ప్రమాణం చెబుతోంది. పెళ్లలు ఘనపు మీటరుకు వెయ్యి కిలోలు దాటి తూగుతాయి. అంటే అడుగెత్తు కుప్ప కిందే చదరపు మీటరుకు 300 కిలోలకు పైగా పడుతుంది. దాని పక్కనే 50 కిలోల సిమెంటు బస్తాలు పది పేరిస్తే మరో అర టన్ను. స్లాబుకు అదనపు బలం ఉంటుంది కదా అనొచ్చు. ఉంటుంది, చిన్న కుప్పకే ఏ స్లాబూ కూలిపోదు. అయితే ఆ అదనం కట్టుబడిలోని లోపాలకు, ఊహించని బరువులకు ఉంచింది. గోదాముగా వాడుకోవడానికి కాదు. పాత అపార్ట్‌మెంట్లలో, చువ్వలు తుప్పు పట్టిన చోట, ఆ అదనపు బలం ఎంత మిగిలిందో పైకి చూసి చెప్పలేం.

‘సాయంత్రం చీపురుతో ఊడ్చేస్తే చాలు’ అన్నది మరో నమ్మకం. గ్రానైట్, టైల్స్ కోసినప్పుడు లేచే దుమ్ములో స్ఫటిక రూపంలోని సిలికా ఉంటుంది. దాన్ని పీలిస్తే క్యాన్సర్ వస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే తేల్చింది, సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు సరేసరి. కంటికి కనిపించనంత సన్నని రేణువులే ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. పొడిగా ఊడిస్తే అవి మళ్లీ గాల్లోకి లేస్తాయి. అందుకే కోసేటప్పుడే బ్లేడు మీద నీళ్లు పడుతుండాలి, ఊడ్చే ముందు నేల తడపాలి. అలాగని మిగిలిన సిమెంటు పాలను బాత్రూమ్ జాలీలోకి కడిగేయకూడదు. సిమెంటు నీళ్లలోనూ గట్టిపడుతుంది. జాలీ కింది ట్రాప్‌లో పేరుకుని రాయైపోతుంది. తర్వాత కొత్త టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది.

రోజూ అరగంట హెల్పర్‌ని చెత్తకు కేటాయిస్తే కూలీ దండగ అంటారు కొందరు. ఆ పెళ్లలు ఎలాగూ మోయాల్సినవే. హాల్లో పోస్తే, అక్కడ నేల పని మొదలయ్యేసరికి గదిలోకి, తర్వాత కిందికి, అదే తట్టను రెండుసార్లు మోయించాలి. పైగా వారాలు గడిస్తే అట్టపెట్టెలు, ప్లాస్టిక్, చెక్కముక్కలు అందులో కలిసిపోతాయి. వ్యర్థాలను విడివిడిగా ఉంచాలని, రోడ్ల మీద, నాలాల్లో పోయకూడదని 2016లోనే కేంద్రం నిబంధనలు తెచ్చింది. హైదరాబాద్‌లో జీడిమెట్ల, ఫతుల్లాగూడ కేంద్రాలు ఈ పెళ్లల్ని పిండిచేసి ఇసుకగా, కంకరగా మారుస్తున్నాయి. కాంక్రీటు, ఇటుక ఏ రోజుకారోజు వేరు సంచుల్లోకి ఎత్తిన ఇంటి నుంచి అక్కడికి వెళ్లేది నేరుగా పనికొచ్చే సరుకు.